అమ్మ భుజం నాలుగు ముక్కలైంది: ప్లేటా, రివర్స్ జాయింటా, కదపకుండా వదిలేయడమా?

తణుకు తమ్ముడు
అందరికీ నమస్కారం. సోమవారం పొద్దున మా అమ్మ (69 ఏళ్లు) పెరట్లో అంట్లు తోమే గట్టు దగ్గర నాచు మీద కాలు జారి, కుడి భుజం నేలకి కొట్టుకునేలా పడింది. ఎక్స్‌రే తీశారు, తర్వాత సీటీ స్కాన్ కూడా. రిపోర్టులో "ఫోర్ పార్ట్ ప్రాక్సిమల్ హ్యూమరస్ ఫ్రాక్చర్" అని ఉంది. రాజమండ్రిలో చూపిస్తే ప్లేటు వేసి స్క్రూలు బిగిద్దాం అన్నారు. విజయవాడలో ఇంకో డాక్టర్ గారు ఈ వయసుకి ప్లేటు నిలవదు, రివర్స్ షోల్డర్ పెట్టాలి అన్నారు. మా మామయ్య అయితే రెండూ వద్దు, పుత్తూరు కట్టుకి తీసుకెళ్దాం అంటున్నాడు. ఈరోజుకి అయిదో రోజు.

అమ్మకి షుగర్ ఉంది, మాత్రలు వాడుతుంది. ఇంట్లో నాన్న, అమ్మ ఇద్దరే. వంట అమ్మదే. చెయ్యి మోచేతి దాకా, చంక కింద పక్కటెముకల దాకా నల్లగా కమిలిపోయింది. అది చూస్తేనే భయమేస్తోంది. అసలు రివర్స్ అంటే ఏంటి? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి. మూడు రాత్రులుగా నిద్ర లేదు.

పాలమూరు పిల్లగాడు
అన్నా, టెన్షన్ పడకు. మా నాయనకు కూడా ఇట్లనే నల్లగయింది, మోచేయి దాటి అరచేతి దాకా దిగింది. విరిగిన ఎముక దగ్గర కారిన రక్తం కిందికి జారుతది, అంతే. రెండు మూడు వారాలకు పసుపురంగుకు తిరిగి పోయింది. ముందు ఒక పని చెయ్యి. ఆ చేతికి గాజులు, ఉంగరం ఉంటే ఇప్పుడే తీసెయ్. వాపు వేళ్లలోకి దిగినంక మా నాయన ఉంగరాన్ని కోసి తీయాల్సి వచ్చింది, పెళ్లినాటి ఉంగరం.

తణుకు తమ్ముడు
ఉంగరం తీశాం అన్నా, సబ్బు నీళ్లతో. గాజులు తీయనివ్వట్లేదు, ఒక చేతికి లేకపోతే ఎలా అంటోంది.

లీడ్స్ తెలుగమ్మాయి
ఎడమ చేతికి వేసి ఉంచండి, అది చాలని చెప్పండి. మా అమ్మమ్మ దగ్గర పనిచేసింది :)

ప్లేటు భుజం
నాది వేరే కథ, అయినా రాస్తాను. 41 ఏళ్లప్పుడు బైక్ స్కిడ్ అయి ఎడమ భుజం మూడు ముక్కలైంది. లాకింగ్ ప్లేటు వేశారు. స్క్రూ తల ప్లేటులోని మరలోకే బిగుసుకుంటుంది, అందుకని ఎముక కాస్త బోలుగా ఉన్నా పట్టు ఉంటుందని చెప్పారు. నిజమే, ఎముక అతుక్కుంది. కానీ నేను చేసిన తప్పేంటంటే, ఆరు వారాలకి నొప్పి తగ్గగానే ఫిజియో మానేశాను. ఆఫీసు, ట్రాఫిక్, పిల్లల స్కూలు. నాలుగో నెలకి చెయ్యి భుజం ఎత్తు దాటి లేవలేదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టి, ఏడుపొచ్చేంత నొప్పితో ఏడాదికి దారికి తెచ్చుకున్నాను.

దాని మీద ఇంకోటి. ఎముక తల కాస్త కుంగి, ఒక స్క్రూ మొన కీలులోకి పొడుచుకొచ్చింది. చెయ్యి తిప్పితే లోపల గరగరమని గీరుకునేది. పధ్నాలుగో నెలలో దాన్ని తీశారు. సర్జన్ తప్పని అనను, ఆయన ముందే ఇలా జరగొచ్చని చెప్పారు. నేనే వినలేదు. నా ఎముక గట్టిది కాబట్టి అంతటితో పోయింది. 69 ఏళ్ల ఎముకలో ప్లేటు అంటే, ఎముక సాంద్రత ఎంతుందో ముందు అడగండి.

చిత్తూరోడు
మాది పుత్తూరు పక్కనే. కట్టు గురించి తీసిపారేయను, చిన్నప్పుడు నా ముంజేయి విరిగితే ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టారు, బాగానే అతుక్కుంది. కాని ఒక మాట. ముంజేతికి, కాలికి బద్దలు చుట్టూ పెట్టొచ్చు. భుజానికి బద్ద ఎక్కడ పెడతారు? చంకలోనా? పైగా కీలులో ముక్కలు తిరగబడి ఉంటే బయటినుంచి తడిమి సరిచేయడం ఎలా? మీ మామయ్యకి సీటీ బొమ్మ ఒకసారి చూపించండి.

ఆర్థో కాకినాడ
నేను ఆర్థోపెడిక్ సర్జన్‌ని. మీ అమ్మగారిని చూడలేదు కాబట్టి ఇది చేయించండి అని చెప్పను, ఎందుకు ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారో చెబుతాను. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

భుజం కీలు ఎలా ఉంటుందంటే, లోతులేని ప్రమిదలో నిమ్మకాయ నిలబెట్టినట్టు. ప్రమిద రెక్క ఎముకది. నిమ్మకాయ చేతి ఎముక తల. ఆ తల పక్కన రెండు బుడిపెలు ఉంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చెయ్యిని తిప్పే నాలుగు చిన్న కండరాలు (రొటేటర్ కఫ్ అంటాం) ఆ బుడిపెలకే అంటుకుని ఉంటాయి. కింద కాడ. తల, రెండు బుడిపెలు, కాడ, మొత్తం నాలుగు భాగాలు. చార్లెస్ నీర్ అనే అమెరికన్ సర్జన్ 1970లో చెప్పిన లెక్క ప్రకారం ఏ భాగమైనా ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ జరిగినా, 45 డిగ్రీలకు మించి వంగినా దాన్ని విడి ముక్కగా లెక్కిస్తాం. కాబట్టి ఫోర్ పార్ట్ అంటే నాలుగూ దేనికది విడిపోయాయని. విరిగిన గీతలు ఎన్ని ఉన్నాయన్నది కాదు లెక్క, ఎంత జరిగాయన్నది.

ఇక్కడ అసలు సమస్య రక్తం. ఎముక తలకి రక్తనాళాలు బుడిపెల పక్కనుంచి, వెనకనుంచి ఎక్కుతాయి. నాలుగూ విడిపోతే తల ఒంటరి అయిపోతుంది. తలకి అంటుకుని మిగిలిన కింది ఎముక 8 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, లోపలివైపు అంచు 2 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పక్కకి జరిగినా తలకి రక్తం అందకపోయే అవకాశం ఎక్కువని 2004లో హెర్టెల్ బృందం చూపింది. రక్తం అందకపోయినా ప్రతిసారీ తల చచ్చిపోదు, కొన్ని మళ్లీ కోలుకుంటాయి. అందుకే చిన్న వయసులో తలని కాపాడటానికే చూస్తాం, ప్లేటుకే వెళ్తాం.

పెద్ద వయసులో రెండు చిక్కులు కలుస్తాయి. ఎముక బోలు, స్క్రూ పట్టదు. బుడిపెలు అతుక్కోకపోతే రొటేటర్ కఫ్ పనిచేయదు. పాత రోజుల్లో ఒక్క తలని మార్చి లోహపు బంతి పెట్టేవాళ్లం. అది పనిచేయాలంటే బుడిపెలు అతుక్కుని తీరాలి. అతుక్కోకపోతే నొప్పి తగ్గేది కానీ చెయ్యి లేచేది కాదు. రివర్స్ ఆ చిక్కుకి సమాధానం. ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో పాల్ గ్రామోన్ 1985లో దీన్ని మొదలుపెట్టాడు. మొదట విరిగిన భుజాలకి కాదు, కఫ్ చిరిగి అరిగిపోయిన భుజాలకి. బంతిని రెక్క ఎముకకి బిగించి, గిన్నెని చేతి ఎముకపై పెట్టాడు. అంతా తారుమారు. దాంతో కీలు తిరిగే కేంద్రం లోపలికి, కిందికి జరిగి, భుజం పైనున్న డెల్టాయిడ్ కండరానికి మీట పొడవు పెరుగుతుంది. కఫ్ లేకపోయినా డెల్టాయిడ్ ఒక్కటే చెయ్యిని ఎత్తగలుగుతుంది.

కాబట్టి మొదటి ప్రశ్న: డెల్టాయిడ్ బతికుందా? దానికి వెళ్లే ఆక్సిలరీ నరం సరిగ్గా ఎముక మెడ చుట్టూ తిరుగుతుంది, ఇలాంటి దెబ్బల్లో నలుగుతుంది. భుజం బయటివైపు, చొక్కా చేతి కుట్టు కింద అరచేయంత మేర ముట్టుకుంటే స్పర్శ తెలుస్తోందా? ఇది రేపు పొద్దున సర్జన్‌ని చూడమనండి.

తణుకు తమ్ముడు
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. ఇప్పుడే దూది పెట్టి చూశాను, తెలుస్తోంది అంటోంది, కాస్త మొద్దుబారినట్టు ఉందంట. నాకు మొదటిసారి ఏదో అర్థమైనట్టుంది.

లీడ్స్ తెలుగమ్మాయి
ఆపరేషనే లేకుండా అన్న దారి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నేను ఇక్కడ నర్సుగా చేస్తున్నాను. బ్రిటన్‌లో ప్రోఫర్ అని పెద్ద అధ్యయనం జరిగింది, 2015లో వచ్చింది. 32 ఆసుపత్రులు, 250 మంది. సగం మందికి ఆపరేషన్, సగం మందికి స్లింగ్, ఫిజియో. రెండేళ్ల తర్వాత వాళ్లు చెప్పిన భుజం స్కోర్లలో తేడా కనిపించలేదు. అప్పటినుంచి ఇక్కడ చాలామంది పెద్దవాళ్లని ఆపరేషన్ లేకుండానే చూస్తున్నారు. షుగర్ ఉన్న మనిషిని మత్తులోకి పంపేముందు ఈ మాట కూడా డాక్టర్‌ని అడగండి.

ఆర్థో కాకినాడ
మంచి మాట తెచ్చారు అమ్మా. ఆ అధ్యయనాన్ని నేను కూడా రోగులకి చెబుతుంటాను. అయితే అందులో చేరినవాళ్లలో ఎక్కువమందివి రెండు ముక్కలు, మూడు ముక్కల ఫ్రాక్చర్లు. కీలు తప్పినవాళ్లని చేర్చుకోలేదు, ఆపరేషన్ తప్పదని సర్జన్‌కి స్పష్టంగా అనిపించినవాళ్లనీ చేర్చుకోలేదు. ఆపరేషన్ అంటే అప్పట్లో ఎక్కువగా ప్లేటు, లేదా పాత తరహా తల మార్పిడి. రివర్స్ కాదు. తర్వాత నార్వేలో 65 నుంచి 85 ఏళ్ల మధ్యవాళ్లు 124 మందిని తీసుకుని, ముక్కలు బాగా జరిగిపోయిన ఫ్రాక్చర్లకి ప్లేటుని, రివర్స్‌ని పోల్చారు. 2020లో వచ్చింది. రెండేళ్లకి వంద మార్కుల భుజం స్కోరులో రివర్స్‌కి 68, ప్లేటుకి 55 దాకా వచ్చాయి.

అంటే నా మాట ఇది. ముక్కలు పెద్దగా జరగకపోతే ముట్టుకోకపోవడమే మేలు, ఇలాంటి ఫ్రాక్చర్లలో ఎక్కువ శాతం అవే. మీ అమ్మగారి సీటీలో తల ప్రమిదకి ఎదురుగా లేదు, పక్కకి తిరిగిపోయింది అంటే అది వేరే లెక్క.

తణుకు తమ్ముడు
అవును డాక్టర్ గారూ. తల బయటివైపు చూస్తోందని ఇద్దరూ అన్నారు.

నిజం నిష్ఠూరం
రివర్స్ అంటే ఇంప్లాంట్ బిల్లు ప్లేటుకి కొన్ని రెట్లు. ఎందుకు చెబుతారో వేరే చెప్పాలా? ఈ మధ్య అందరికీ అదే అంటగడుతున్నారు.

ఆర్థో కాకినాడ
ధర విషయం మీరన్నది నిజం. మోకాలి ఇంప్లాంట్ల ధరలకి 2017 ఆగస్టులో కేంద్రం హద్దు పెట్టింది, భుజానివి అందులో లేవు. అందుకే ఏ కంపెనీ ఇంప్లాంట్, ఎంత, స్టిక్కర్ కేస్‌షీట్‌లో అంటిస్తారా అని ముందే అడగండి. అడిగితే కోపం వచ్చే సర్జన్ దగ్గర చేయించుకోకండి. ప్రభుత్వ పథకం కార్డు ఉంటే ఆసుపత్రి డెస్క్ దగ్గర ఆ ప్యాకేజీ ఉందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోండి, మాట మీద వద్దు. అనుమానం ఉండటం తప్పు కాదు, కానీ ప్లేటు విఫలమయ్యాక రివర్స్ చేస్తే రెండు బిల్లులు, రెండు మత్తులు, ఫలితం కూడా మొదటిసారి చేసినంత బాగుండదు.

తణుకు తమ్ముడు
విజయవాడలోనే రివర్స్‌కి ఒప్పుకున్నాం. మామయ్యకి సీటీ బొమ్మ చూపించాను, చాలాసేపు చూసి "ఇదేంటి, పగిలిన కొబ్బరిచిప్పలా ఉంది" అని ఊరుకున్నాడు. మూడు నెలల షుగర్ సగటు 8.4 వచ్చింది. రెండు రోజులు ఇన్సులిన్ పెట్టి అదుపులోకి తెచ్చి చేస్తామన్నారు. తొమ్మిదో రోజున ఆపరేషన్. మూడు వారాలు దాటితే ముక్కలు అడ్డదిడ్డంగా అతుక్కోవడం మొదలై కష్టమవుతుందట, అందుకని ఇంకా ఆలస్యం వద్దన్నారు.

ప్లేటు భుజం
ఆల్ ది బెస్ట్ తమ్ముడూ. ఆపరేషన్ రాత్రి చెయ్యి దుంగలా పడి ఉంటుంది, వేళ్లు కూడా కదలవు. మెడ దగ్గర నరానికి ఇచ్చే మత్తు అది. నాకు ఎవరూ చెప్పలేదు, చెయ్యి పోయిందనుకుని తెల్లవార్లూ నర్సుని పిలిచాను.

తణుకు తమ్ముడు
అయిపోయింది. రెండు గంటలపైనే పట్టింది. బుడిపెలు రెండూ గట్టి దారంతో ఇంప్లాంట్ చుట్టూ కుట్టామన్నారు. రివర్స్‌లో కూడా అవి అతుక్కుంటేనే చెయ్యి బయటికి తిప్పగలుగుతుందట. అన్నా, మీరు చెప్పకపోయి ఉంటే ఆ రాత్రి నేనూ నర్సుని పిలిచేవాణ్ణే. మర్నాడు మధ్యాహ్నానికి వేళ్లు కదిలాయి. కాఫీ అడిగింది.

విశాఖ ఫిజియో
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను, ఇక నా వంతు. మీ సర్జన్ ఇచ్చిన కాగితమే మీకు ప్రమాణం, నేను రాసేది దానికి తోడు మాత్రమే.

మొదటి రోజునుంచే వేళ్లు, మణికట్టు, మోచేయి కదపాలి. గంటకోసారి పిడికిలి బిగించి విప్పమనండి. స్లింగ్‌లో చెయ్యి ఉంది కదా అని మోచేయిని కూడా వారాల తరబడి వంచి ఉంచితే భుజం బాగై మోచేయి బిగుసుకుంటుంది, అలాంటివాళ్లని చాలామందిని చూశాను. పడక నిటారుగా, వీపు కింద మూడు దిండ్లు, మోచేయి కింద ఒక చిన్న దిండు. వెల్లకిలా చదునుగా పడుకుంటే మోచేయి వెనక్కి జారి భుజం ముందుకి పొడుస్తుంది. చంకలో చెమట పట్టి పుండవుతుంది, ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి తడిగుడ్డతో తుడిచి, మెత్తటి పాత నూలుగుడ్డ మడిచి పెట్టండి.

సర్జన్ సరే అన్నాక లోలకం వ్యాయామం. ఎడమచేత్తో బల్ల పట్టుకుని, నడుం వంచి, కుడిచేయి వేలాడదీసి చిన్న చిన్న సున్నాలు. మా దగ్గరికి వచ్చే పెద్దావిడలకి "ముగ్గుకి చుక్కలు పెట్టేటప్పుడు వంగినట్టు వంగండి" అంటాను, వెంటనే పట్టేస్తారు. చెయ్యిని తిప్పకూడదు, ఒళ్లు ఊపితే చెయ్యి దానంతట అది ఊగాలి.

రివర్స్‌కి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. మొదటి మూడు నెలలు ఆ చెయ్యి వీపు వెనక్కి పోకూడదు. కుర్చీ చేతుల మీద ఆ చెయ్యి ఆనించి లేవకూడదు. అలా చేస్తే కీలు జారిపోయే అవకాశం ఉంది. చీర వెనక దోపుకోవడం, వెనక హుక్కుల జాకెట్టు, రెండూ బంద్. ముందు హుక్కుల జాకెట్లు ఇప్పుడే నాలుగు కుట్టించండి, కుడి చంక కాస్త వదులుగా. వేసేటప్పుడు ముందు దెబ్బతిన్న చెయ్యి, తీసేటప్పుడు అది ఆఖరు.

తణుకు తమ్ముడు
అక్కా, ఈ జాకెట్టు సంగతి ఏ డాక్టరూ చెప్పలేదు. మా చెల్లి ఇవాళే టైలర్ దగ్గరికి వెళ్లింది. బాత్రూంకి వెళ్లాక ఎలా అని అమ్మ సిగ్గుపడుతూ చెల్లిని అడిగిందంట.

విశాఖ ఫిజియో
అందరికీ ఉండే ఇబ్బందే, అడగరు. కొన్నాళ్లు ఎడమచేయి, చేతి షవర్. అది కూర్చునే చోటికి ఎడమవైపు బిగించాలి.

తణుకు తమ్ముడు
ఆరు వారాలైంది. ఎక్స్‌రేలో బుడిపెలు చోటు కదల్లేదన్నారు. స్లింగ్ తీసేశారు. కానీ అమ్మ చెయ్యి తనంతట తను ఎత్తలేకపోతోంది. ఎత్తబోతే భుజం మొత్తం చెవి దగ్గరికి వస్తోంది, చెయ్యి రాదు. "ఇంత ఖర్చు పెట్టించాను, ఇదిక ఇంతేనా" అని నిన్న రాత్రి ఏడ్చింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

పాలమూరు పిల్లగాడు
అన్నా, మా నాయనకు ఆపరేషన్ లేదు, మూడు వారాలు స్లింగ్ మాత్రమే. ఆరు వారాలకు చేత్తో అన్నం ముద్ద నోటి దాకా రాలేదు. పదో వారానికి వచ్చింది. బీడీ మాత్రం నాలుగో వారానికే వచ్చింది, అది ఎట్లనో ఆయనకే తెలియాలె. (డాక్టర్ పొగ మానమన్నడు, ఎముక అతకదని. విన్లే.)

విశాఖ ఫిజియో
భుజం చెవి దగ్గరికి రావడం ఈ దశలో మామూలే. డెల్టాయిడ్‌కి ఇది కొత్త ఉద్యోగం, నేర్చుకోవాలి. ముందు వెల్లకిలా పడుకోబెట్టి చేయించండి, అప్పుడు చేతి బరువు తక్కువ తెలుస్తుంది. రెండు చేతులతో గొడుగు పట్టుకుని, ఎడమ చెయ్యి సాయంతో తల మీదికి. తర్వాత తలుపు పైన బావి గిలక లాంటి చిన్న కప్పీ, తాడు, ఎడమచేత్తో లాగితే కుడిచేయి లేవాలి. తర్వాత గోడ మీద వేళ్లతో పాకడం, ఎక్కడిదాకా వచ్చిందో పెన్సిల్ గీత, పక్కన తేదీ. రోజుకి నాలుగైదు సార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. ఒకేసారి గంట చేయించి మర్నాడు వాపుతో మూల కూర్చోబెట్టొద్దు. వ్యాయామం అయ్యాక నొప్పి గంటలోపు తగ్గితే సరైన మోతాదు. రాత్రంతా ఉంటే ఎక్కువైంది. బరువులు పన్నెండో వారం దాటాకే.

ఆర్థో కాకినాడ
అమ్మగారి ఎముక సాంద్రత పరీక్ష చేయించారా? నిలబడిన ఎత్తునుంచి పడితే భుజం విరగడం అంటేనే ఎముక బోలుగా ఉందని ఒక హెచ్చరిక. భుజానికి ఇంత చేసి దీన్ని వదిలేస్తే తర్వాత విరిగేది తుంటి.

తణుకు తమ్ముడు
చేయించాం డాక్టర్ గారూ, టీ స్కోర్ మైనస్ 3.1. మైనస్ 2.5 కంటే కిందికి వెళ్తే జబ్బు కిందే లెక్క అన్నారు. విటమిన్ డి కూడా తక్కువ. ముందు అది సరిచేసి, కిడ్నీ పరీక్ష, పళ్ల డాక్టర్‌కి చూపించడం అయ్యాక ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే మందు, జోలెడ్రోనిక్ యాసిడ్, ఇస్తామన్నారు.

తణుకు తమ్ముడు
మూడు నెలలు. గోడ మీద గీతలు క్యాలెండర్ ఎత్తు దాటాయి. అన్నం కుడిచేత్తో తింటోంది. స్టవ్ ముందు గట్టుమీద తరగడం, పోపు వేయడం చేస్తోంది. కుక్కర్ మాత్రం నాన్న దించుతున్నారు, 46 ఏళ్ల కాపురంలో మొదటిసారి ఆయన వంటింట్లో నిలబడటం అని అమ్మ అందరికీ ఫోన్ చేసి చెబుతోంది.

నిజం నిష్ఠూరం
సంతోషం. నేను అన్నమాట వెనక్కి తీసుకోను కానీ, మీ అమ్మగారి విషయంలో సరైన పనే జరిగినట్టుంది.

లీడ్స్ తెలుగమ్మాయి
జడ వేసుకోగలుగుతున్నారా?

తణుకు తమ్ముడు
ఏడు నెలలకి రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. చెయ్యి ముందునుంచి 120 డిగ్రీల దాకా లేస్తోంది, ఫిజియో కొలిచారు. చెయ్యి చెవి వెనక్కి వెళ్తోంది కాబట్టి తల కొంచెం వంచి కొప్పు ముడి వేసుకుంటోంది. జడ అల్లడం ఇంకా రాలేదు. వీపు వెనక్కి మాత్రం నడుం పక్కదాకానే, అంతకు మించి రాకపోవచ్చని సర్జన్ కూడా చెప్పారు. ముందు హుక్కుల జాకెట్లే ఇక. అటక మీది డబ్బాలన్నీ కింది అరలోకి దించాం. ఆవకాయ ఈసారి తనే కలిపింది, జాడీ ఎత్తింది మాత్రం నేను.

ప్లేటు భుజం
ఆ గట్టు దగ్గర నాచు గీకించావా తమ్ముడూ?

తణుకు తమ్ముడు
గీకించి గరుకు టైల్స్ వేయించాను అన్నా. అంట్లకి గీతలు పడుతున్నాయని అమ్మ గొణుగుతోంది.